కోరి ఎక్కిన కొండ

తారు రోడ్డు అయిపోయిన చోట మా ఆదివారం మొదలవుతుంది. అంతవరకూ చేసేది ఉత్త ప్రయాణమే. చీకటితో విశాఖలో బయల్దేరి, చోడవరంలో టీ తాగి, మాడుగులలో హల్వా పొట్లాలు కట్టించుకుని పాడేరు ఘాటీ ఎక్కుతాం. మోదకొండమ్మ పాదాల దగ్గర లారీ డ్రైవర్లు ఆగి దణ్ణం పెట్టుకుంటారు. మేమూ ఆగుతాం, భక్తి సగం, నడుం నొప్పి సగం. పాడేరు దాటాక పెద్ద రోడ్డు వదిలితే ఒక చిన్న రోడ్డు, అది కాస్తా సిమెంటు రోడ్డు, సిమెంటు అయిపోయాక ఎర్రమట్టి. ఆ మట్టి మీద కొంతదూరం జీపు చక్రాల జాడ ఉంటుంది. తర్వాత జీపు కూడా మానుకున్న చోటు వస్తుంది. అక్కడ బళ్లాపి, హెల్మెట్లు తీసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటాం. వచ్చేశాం.

ఊరి పేరు రాయను. వనజంగి సంగతి అందరికీ తెలిసిందే. లోయ నిండా మబ్బు కనిపించే ఆ కొండ కొన్నేళ్ల కిందటి దాకా చుట్టుపక్కల వాళ్లకే తెలుసు. ఫోన్లలో ఫొటోలు తిరిగాక చలికాలం వారాంతాల్లో అక్కడ బండి పెట్టుకోవడానికి చోటు దొరకడం లేదు. మా బాటకి ఆ గతి పట్టించడం ఇష్టం లేదు.

మా జట్టులో స్టీల్ ప్లాంటు షిఫ్టు ఇంజినీరు ఒకాయన, పిల్లల డాక్టరు ఒకాయన, కాలేజీలో లెక్కలు చెప్పే మాస్టారు, మా అందరికంటే బాగా చిన్నవాడైన ఒక సాఫ్ట్‌వేరు కుర్రాడు, నేను. మామూలు రోజుల్లో మాకు ఒకరితో ఒకరికి పనేమీ పడదు. ఇళ్లలో పెళ్లిళ్లయితే పిలుచుకుంటాం, అంతే. మమ్మల్ని కలిపింది బళ్లూ, గతుకులూ.

ఒకసారి డాక్టరుగారింట్లో బళ్లకి సామాన్లు కడుతుంటే వాళ్లమ్మగారు వరండాలో కూర్చుని చూస్తున్నారు. మోకాళ్ల తొడుగులు, మోచేతుల తొడుగులు, చీలమండ దాటి పైదాకా వచ్చే బూట్లు, రెండు వాటర్ బ్యాగులు. అన్నీ చూసి ఆవిడ అడిగారు: “మా ఊరికి రోడ్డు వేయించడానికి మా నాన్న తాలూకా ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడ్రా. మీరేమో రోడ్డు లేని చోటు వెతుక్కుంటూ పోతున్నారా?”

ఎవరం జవాబు చెప్పలేదు. “వస్తాం పిన్నిగారూ” అని బళ్లెక్కేశాం. కానీ ఆ ప్రశ్న ఘాటీ పైదాకా వెనక సీటు మీద కూర్చుని వచ్చింది. ఆ తర్వాత వెళ్లిన ప్రతిసారీ వస్తూనే ఉంది.

రోడ్డు లేని చోట ఏముందని వెళ్తాం? ముందు ఆ సుఖం ఎలాంటిదో చెప్పాలి. చెప్పకపోతే ఇదంతా పిచ్చిలాగే కనిపిస్తుంది.

బళ్లు దిగగానే చేసే మొదటి పని టైర్లలో గాలి తీయడం. తారు మీద ముప్పై దాకా ఉన్న గాలిని ఇరవై, ఇరవై రెండుకి దించుతాం. గాలి తగ్గిన టైరు కాస్త వెడల్పుగా పరుచుకుని రాయిని పట్టుకుంటుంది. మరీ తగ్గిస్తే పదునైన రాయి తగిలినప్పుడు ట్యూబు రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ఎంత తీయాలన్నది నేలని బట్టి, మనిషి బరువుని బట్టి. దీని మీద మాస్టారికీ ఇంజినీరుకీ ప్రతిసారీ వాదన జరుగుతుంది. తర్వాత వెనక చక్రానికి ఏబీఎస్ ఆపేస్తాం. గులక మీద దిగేటప్పుడు ఏబీఎస్ బ్రేకుని పట్టి వదులుతూ ఉంటుంది, బండి ఆగకుండా జారిపోతూనే ఉంటుంది. తారు మీద ప్రాణం కాపాడే వస్తువే ఇక్కడ అడ్డు.

ఆ తర్వాత నిలబడాలి. ఫుట్‌రెస్టుల మీద నిలబడి, మోకాళ్లతో ట్యాంకుని నొక్కిపట్టి, చేతులు వదులుగా ఉంచాలి. సీటు మీద కూర్చుంటే మన బరువంతా బండికి ఒకే ముద్ద. గతుకు వచ్చినప్పుడల్లా ఆ ముద్దని మోస్తూ బండి ఎగిరిపడుతుంది. నిలబడితే మన మోకాళ్లే ఇంకో జత షాకబ్జార్బర్లవుతాయి. బండి కింద దాని ఇష్టం వచ్చినట్టు ఊగుతుంది, మనిషి పైన స్థిరంగా ఉంటాడు. చూపు ముందు చక్రం దగ్గర ఉండకూడదు. పదిహేను, ఇరవై అడుగుల అవతల ఉండాలి. ఏ రాయిని చూస్తే ఆ రాయి మీదకే వెళ్తాం. చెట్టుని తప్పించుకోవాలని చెట్టునే చూస్తూ పోయి చెట్టుకి కొట్టుకున్నవాళ్లు ప్రతి జట్టులోనూ ఉంటారు.

వేగం ఉండదు. గంటకి పది, పన్నెండు కిలోమీటర్లు వెళ్తే గొప్ప. హైవే మీద నూరు దాటి పోయేవాడు చూస్తే నవ్వుతాడు. కానీ హైవే మీద గంటకి ఒకటో రెండో నిర్ణయాలు తీసుకుంటాం: లారీని దాటాలా, టీకి ఆగాలా. ఇక్కడ ప్రతి రెండడుగులకీ ఒకటి. కుడివైపు వేరు తడిగా ఉంది, దాని మీద అడ్డంగా పోతే జారుతుంది. ఎడమ వైపు రాయి కదిలేలా ఉంది. మధ్యలో వానలకి కోసుకుపోయిన గాడి, అందులో దిగితే ఫుట్‌రెస్టు తగులుతుంది. మూడింట్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి, అదీ ఇప్పుడే. ఎంచుకున్న ఫలితం కూడా అప్పుడే తెలిసిపోతుంది. ఆఫీసులో ఒక కాగితం మీద సంతకం పెడితే అది మంచిదో చెడ్డదో మూడేళ్లకి గానీ తెలియదు. ఒక్కోసారి ఎప్పటికీ తెలియదు. ఇక్కడ చేసిన పనికీ దాని ఫలితానికీ మధ్య రెండడుగుల దూరం. నలభై దాటిన మనిషికి అంతకంటే ఊరట ఇంకొకటి లేదు. ఆ రెండు మూడు గంటలు ఇంటి వాయిదాలు గుర్తుకు రావు, పిల్లల మార్కులు గుర్తుకు రావు. గుర్తు తెచ్చుకుంటే పడిపోతాం.

గెడ్డలు దాటడం ఇంకో విద్య. బండి ఆపి, ముందు మనిషి నీళ్లలోకి దిగి నడవాలి. లోతు మోకాలిదాకా అయితే ఫరవాలేదు. రాళ్లు గుండ్రంగా ఉన్నాయా, పాకుడు పట్టాయా అని కాలితో తడుముకోవాలి. ఎయిర్ ఫిల్టరు ఎత్తు దాటి నీళ్లొచ్చాయంటే ఇంజనులోకి నీరు పోతుంది. గాలి నలుగుతుంది గానీ నీరు నలగదు, లోపల కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. అందుకని ఎవరికీ అక్కడ ధైర్యం చూపించుకోవాలని ఉండదు. ఒకరు దాటుతుంటే ఇద్దరు నీళ్లలో దిగువ వైపు నిలబడతారు, జారితే పట్టుకోవడానికి. డాక్టరుగారు దాటేటప్పుడు మాస్టారు మోకాళ్ల లోతు చలినీళ్లలో నిలబడి “అవతలి గట్టు చూడండి, గట్టు చూడండి” అని అరుస్తుంటే, ఈయన క్లాసులో కూడా ఇంత శ్రద్ధగా చెప్తాడా అనిపిస్తుంది.

మా స్నేహానికి ఉన్న కట్టుబాట్లన్నీ బాట మీద పుట్టినవే. జట్టు వేగం ఎప్పుడూ అందరికంటే నెమ్మదిగా పోయేవాడి వేగమే. ముందున్నవాడు బాట చీలిన ప్రతి చోటా ఆగి, వెనకవాడు కనిపించాకే కదలాలి. బాగా అనుభవం ఉన్నవాడు అందరికీ వెనక రావాలి, ముందు కాదు. పడ్డవాణ్ణి చూసి నవ్వొచ్చు, కానీ బండి లేపాక. ఈ రూల్స్ ఎవరూ రాయలేదు. ఇవి లేకపోతే మనుషులు ఇంటికి చేరరు, అందుకే నిలబడ్డాయి. మేం మాట్లాడుకునేదీ తక్కువే. మధ్యాహ్నం చెట్టు కింద పులిహోర విప్పినప్పుడు కూడా మాటలన్నీ ఏ రాయి దగ్గర ఎవరు ఎలా దాటారన్న దాని మీదే. కష్టసుఖాలు చెప్పుకోం. కానీ మా ఇంట్లో నాన్నకి ఒంట్లో బాగోలేనప్పుడు, ఆసుపత్రి వరండాలో అడగకుండా వచ్చి రాత్రంతా కూర్చున్నది ఈ నలుగురే.

ఇదీ సుఖం. ఇందులో అబద్ధమేమీ లేదు. అయితే ఇది సగమే. రెండో సగం కొండవాలు మీద కనబడింది.

ఆ వాలు పొడవు ఎంతో ఉండదు, వంద గజాలు ఉంటుందేమో. కానీ నిట్టనిలువు. వానలకి మట్టంతా కొట్టుకుపోయి రాళ్లు తేలి ఉన్నాయి. మధ్యలో మోకాలెత్తు రాతి మెట్టు ఒకటి. రెండు పక్కలా కాఫీ తోట, పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు. మేం వంతులవారీగా ఎక్కుతున్నాం. సాఫ్ట్‌వేరు కుర్రాడు రాతి మెట్టు దగ్గర రేజు ఎక్కువిచ్చాడు. వెనక చక్రం గిర్రున తిరిగి, రాళ్లు వెనక్కి ఎగజిమ్మి, బండి పక్కకి ఒరిగింది. లేపి మళ్లీ ప్రయత్నించాడు, మళ్లీ ఒరిగింది. వాడి బండి ముందు చక్రం ఇరవై ఒక్క అంగుళాలు. ఇంజనుకీ నేలకీ మధ్య 220 మిల్లీమీటర్ల ఎడం. ఇలాంటి చోట్ల కోసమే తయారైన బండి అది. మనిషి తల నుంచి కాలిదాకా తొడుగులే.

కింద నుంచి బండి చప్పుడు వినబడింది. పాత స్ప్లెండర్. సైలెన్సరు తీగతో కట్టి ఉంది. నడుపుతున్న మనిషికి హవాయి చెప్పులు, లుంగీ పైకి మడిచి కట్టాడు. ట్యాంకు మీద బియ్యం మూట. వెనక భార్య, ఆమె వీపుకి గుడ్డతో కట్టుకున్న చంటిపిల్ల. సంత నుంచో రేషన్ డిపో నుంచో ఇంటికెళ్తున్నారు. మమ్మల్ని చూసి ఆగలేదు. ఆగితే మళ్లీ ఎక్కించడం కష్టమని ఆయనకి తెలుసు. మొదటి గేరులో, క్లచ్ సగం పట్టి, రెండు కాళ్లూ అటూ ఇటూ నేలకి తాటిస్తూ, తొందర లేకుండా ఎక్కాడు. రాతి మెట్టుకి పదడుగుల ముందు ఆమె దిగిపోయింది. ఎవరూ చెప్పలేదు, బండి కూడా ఆగలేదు. ఆమె దిగి ఒక చేత్తో క్యారియర్ పట్టుకుని వెనక నుంచి నెట్టింది. మెట్టుకి ఎడమ అంచున జానెడు మట్టి మిగిలి ఉంది. మా ఐదుగురిలో ఎవరికీ అది కనబడలేదు. ఆయన సరిగ్గా దాని మీదుగా ఎక్కించాడు. పైన చదునులో ఆపి మా కుర్రాడి వైపు చూశాడు.

“మీరు గట్టిగా పట్టీసుకుంటన్నారు బాబూ. కొంచెం ఒగ్గీండి. ఒగ్గీస్తే అదే ఎల్తాది.”

మోటార్ సైకిల్ నడపడం మీద నేను విన్న పాఠాలన్నింట్లోకీ పొట్టిదీ, పనికొచ్చేదీ అదే. మా కుర్రాడు భుజాలు వదులు చేసుకుని, ఆయన చూపించిన అంచు మీదుగా పోనిచ్చాడు. ఎక్కేసింది.

“ఏ ఊరెల్తన్నారు?” అని అడిగాడాయన.

“ఏ ఊరూ కాదన్నా. ఊరికే” అన్నాడు మావాడు.

ఆయన ఏమీ అనలేదు. ఆమె మాత్రం పిల్లని సర్దుకుని బండెక్కుతూ, “ఊరికేనట!” అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎగతాళి లేదు ఆ నవ్వులో. నిజంగానే నవ్వొచ్చింది ఆమెకి. డాక్టరుగారి అమ్మగారి ప్రశ్నే ఇంకో నోటి నుంచి వచ్చిందని నాకనిపించింది. ఈసారి ప్రశ్న కూడా కాదు, తీర్పు.

వాలు ఒకటే, రాళ్లు అవే, రాతి మెట్టు అదే. దాన్ని ఎక్కడం మాకు వారం రోజులు ఎదురుచూసిన సంబరం, ఆ దంపతులకి బియ్యం తెచ్చుకోవడంలో ఒక భాగం. తేడా కష్టంలో లేదు. నిజానికి ఆయన మోస్తున్న బరువు ఎక్కువ, బండి శక్తి మా వాటిలో సగం. తేడా అంతా ఒక్క చోట ఉంది. మేం వద్దనుకుంటే వెనక్కి తిరగొచ్చు. బండి పాడైతే కింద జీపు దొరుకుతుంది, సాయంత్రానికి విశాఖలో వేడినీళ్ల స్నానం ఉంది. ఈ కష్టం మా చేతిలో ఉంది. వాళ్లు ఈ కష్టం చేతిలో ఉన్నారు. ఏ కష్టాన్నయినా ఆట అనడానికి కావలసిన మొదటి అర్హత, దాన్ని వద్దనగలగడం.

అందుకే మాకు ముచ్చటేసే బాట ఇంకొకరికి ప్రాణం మీదకి రావచ్చు. పాడేరు, ముంచంగిపుట్టు, అనంతగిరి కొండల్లోని గూడేల నుంచి నొప్పులొచ్చిన ఆడమనిషిని డోలీ కట్టి మోసుకొస్తున్న ఫొటో ఏటా పేపర్లో పడుతూనే ఉంటుంది. పొడుగాటి కర్ర, దానికి వేలాడే దుప్పటి, ముందూ వెనకా ఇద్దరేసి మనుషులు. కొన్ని చోట్ల సరుకులు ఇప్పటికీ గుర్రాల మీదే కొండెక్కుతాయి. 2018లో ఏజెన్సీకి ఫీడర్ అంబులెన్సులొచ్చాయి. మోటార్ సైకిల్‌కి పక్కన పడక బిగించి, అంబులెన్సు రాలేని చోట నుంచి అది రాగల చోటిదాకా రోగిని తెచ్చే ఏర్పాటు. మేం సరదాకి వాడే బండినే అక్కడ ఊపిరి కోసం వాడుతున్నారు. అది కూడా వెళ్లలేని బాటలు ఇంకా ఉన్నాయి.

రోడ్డు ఎందుకు రాలేదన్న దానికి జవాబు తలల లెక్కలో ఉంది. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదానాల్లో ఐదు వందల మంది ఉన్న పల్లెలకీ, కొండల్లో, గిరిజన ప్రాంతాల్లో రెండు వందల యాభై మంది ఉన్న వాటికీ రోడ్డు వేయాలంది. మంచి పథకమే, దేశమంతా ఊళ్లని కలిపింది. కానీ మన్యంలో ఇరవై, ముప్పై గడపల గూడేలు బోలెడు. ఒక్కో గూడెం ఒక్కో కొండ మీద. ఆ లెక్కకి అందనివాళ్లు ఆగిపోయారు. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ వచ్చాక, 2025లో రాష్ట్ర ప్రభుత్వం అడవితల్లి బాట మొదలుపెట్టాక ఇప్పుడిప్పుడే కొండల మీదకి ప్రొక్లైనర్లు ఎక్కుతున్నాయి. మేం వెళ్లే దారుల్లోనే కంకర కుప్పలు కనిపిస్తున్నాయి.

రోడ్డు వస్తే బాగుపడినట్టే అని తేల్చేయడానికి కూడా లేదు. ఈ కొండలకి ఆ సంగతి వందేళ్ల కిందటే తెలుసు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఇప్పుడు చలి చూడ్డానికి కార్లలో పోతున్నామే, ఆ దారి వేయడానికి గూడెం డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ మన్యం జనాన్ని బలవంతంగా దింపాడు. కూలి కూడా సరిగ్గా ఇవ్వలేదు. అప్పటికే 1882 అడవి చట్టం పోడు వ్యవసాయాన్ని కట్టడి చేసి ఉంది. ఆ రెండు మంటలూ కలిసి 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డాయి. ఆ మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం గంటందొర, మల్లుదొరల మనుషులకి రోడ్డు అంటే తమ చేతులతో తమ అడవిలోకి దొరల బండ్లకి దారి తవ్వడం. సరిగ్గా నూరేళ్లకి, 2022లో, ఆయన పేరుతో ఏర్పడ్డ జిల్లాలో అవే కొండల జనం రోడ్డు కావాలని కలెక్టరు ఆఫీసు ముందు డోలీలతో కూర్చుంటున్నారు.

ఇందులో తిరకాసేమీ లేదు. అప్పుడు వాళ్లని అడక్కుండా రోడ్డు వచ్చింది. ఇప్పుడు వాళ్లడుగుతుంటే రావడం లేదు. రోడ్డు ఉండటం, లేకపోవడం కాదు సంగతి, ఎవరిష్టం నెగ్గిందన్నది. మాకు కొండ మీద దొరికే సుఖం కూడా ఆ ఇష్టంలోంచి వచ్చిందే తప్ప రాళ్లలోంచి వచ్చింది కాదు.

దీనికి సాక్ష్యం మన దగ్గరే ఉంది, తిరుమలలో. 1944లో మొదటి ఘాట్ రోడ్డు పడేదాకా కొండెక్కాలంటే నడవాలి, నడవలేని ముసలివాళ్లని డోలీల్లో మోయాలి. అప్పుడు మెట్లు దారి, అంతే. రోడ్డొచ్చింది, బస్సులొచ్చాయి. మామూలు లెక్క ప్రకారం ఆ మెట్ల మీద గడ్డి మొలవాలి. ఇవాళ అలిపిరి వెళ్లి చూడండి. మూడు వేల ఐదు వందల యాభై మెట్లు, ప్రతి మెట్టుకీ పసుపూ కుంకుమా పెట్టుకుంటూ ఎక్కే ఆడవాళ్లు, మోకాళ్ల మీద ఎక్కే మొక్కులవాళ్లు, అమెరికా నుంచి వచ్చి చెప్పులు విప్పేసిన కుర్రాళ్లు. రోడ్డు మెట్లని చంపలేదు. మెట్లెక్కడాన్ని మొక్కుగా మార్చింది. గత్యంతరం లేక ఎక్కినప్పుడు అది ప్రయాణం. పక్కనే బస్సు పోతుంటే కాదని ఎక్కినప్పుడు అది భక్తి. డోలీ మాత్రం పోయింది. పోవలసిందే పోయింది.

మా ఆటకి పెద్దన్నలాంటి డకార్ ర్యాలీ కథా ఇలాంటిదే. 1977లో థియరీ సబీన్ అనే ఫ్రెంచి మనిషి ఆబిజాన్ నుంచి నీస్‌కి జరిగిన పోటీలో మోటార్ సైకిల్ మీద పోతూ లిబియా ఎడారిలో దారి తప్పి, చావు అంచుల దాకా వెళ్లి బయటపడ్డాడు. మరుసటి ఏడాది డిసెంబరులో పారిస్ నుంచి డకార్‌కి జనాన్ని పోగేసి మరీ ఎడారిలోకి తీసుకెళ్లాడు. దారి తప్పడం ఆయనకి మొదట ఆపద, తర్వాత ఆట. మధ్యలో ఎడారి మారలేదు. వెతికి రక్షించే హెలికాప్టర్లు, డాక్టర్లు, పెట్రోలు ఏర్పాటు వచ్చాయి. 2015లో మన సి.ఎస్. సంతోష్ ఆ పోటీని పూర్తి చేసిన మొదటి భారతీయుడయ్యాడు. ఆట వెనక ఎంత భద్రత ఉంటుందో ఆడేవాడికి గుర్తుండదు. గుర్తుండకపోవడమే దాని గొప్పతనం కావచ్చు.

కానీ మాకు గుర్తుండి తీరాలి. మేం ఆడుకునే చోట జనం కాపురం ఉంటున్నారు మరి. గుబ్బల టైర్లు తడిమట్టిలో గాడి తీస్తాయి. వానొస్తే ఆ గాడే కాలువై మట్టిని కోసుకుపోతుంది. రెండు వర్షాకాలాల్లో కాలిబాట కాస్తా రాళ్లగుట్ట అవుతుంది. కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని దిగేవాళ్ల కాలు మడత పడేది అక్కడే. అందుకే వానల్లో కొండెక్కం. దసరా దాటి మట్టి గట్టిపడ్డాకే వెళ్తాం. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా పోం. ఊరి మధ్యలో నిలబడి నడపం, కూర్చుని రెండో గేరులో చప్పుడు లేకుండా పోతాం. కోళ్లు, పిల్లలు, ఆరబెట్టిన చోళ్లు ఎవరి గడప ముందున్నా చుట్టూ తిరిగి వెళ్తాం. చల్లిన చేలోంచి అడ్డదారి కొట్టం. ఇదేదో మంచితనం అని చెప్పడం లేదు. ఆట స్థలం ఒకరి వాకిలి అయినప్పుడు కనీసం చేయాల్సిన పని.

ఇక మా జట్ల మధ్య తరచూ వినబడే ఒక ఏడుపు ఉంది. “ఆ బాట పోయిందట, తారు పోసేశారట” అని దగ్గరివాళ్లెవరో పోయినంతగా చెప్పుకుంటారు. మొన్న మా కుర్రాడు కూడా కంకర కుప్పల్ని చూసి “వచ్చే ఏడాదికి ఇది కూడా అయిపోయినట్టే” అన్నాడు. మాస్టారు వెంటనే అందుకున్నారు: “అయిపోనీరా. ఆ స్ప్లెండరాయన పెళ్లాం నడుం నొప్పి తగ్గుతుంది. నీకు కొండలకేం కరువు?”

మాస్టారి మాటే నా మాట. తూర్పు కనుమల్లో కొండలన్నిటికీ తారు పోసేంత తారు ఎక్కడా లేదు. ఊరికి రోడ్డు పడ్డా ఊరి పైన కొండ మిగిలే ఉంటుంది. పాత కాలిబాట ఎక్కడికీ పోదు, అలిపిరి మెట్లు పోనట్టే. కష్టం కావాలనుకున్నవాడికి అది ఎప్పుడూ దొరుకుతుంది. దొరకనిది సుఖమే, అదీ అవసరమున్నవాళ్లకి. డాక్టరుగారి అమ్మగారికి నేను చెప్పగలిగిన జవాబు ఇంతే: మీ నాన్నగారు చెప్పులరిగేలా తిరిగి రోడ్డు తెచ్చారు కాబట్టే, మీ అబ్బాయి ఇవాళ గోతులు ఎంచుకోగలుగుతున్నాడు. రోడ్డు వచ్చాక గానీ గోతుల్ని ఇష్టపడే తీరిక ఎవరికీ రాదు.

కాబట్టి మా వాలుకి కూడా రోడ్డు పడాలి. స్ప్లెండర్ దంపతుల పిల్ల ఆ రోడ్డు మీద బస్సెక్కి పాడేరు కాలేజీకి పోవాలి. ఆదివారం మాత్రం ఏమీ తోచక, ఇంట్లోవాళ్లు వద్దంటున్నా వినకుండా, బండి తీసుకుని పాత బాటనే పైకి పోనివ్వాలి. ఎక్కడికమ్మా అని ఎవరైనా అడిగితే, ఊరికే అనాలి. ఆ రోజు మేం కూడా అక్కడుంటే ఆ రాతి మెట్టు దగ్గర పందెం వేసుకుంటాం. మేం ఓడిపోతామన్న దాంట్లో అనుమానం ఏమీ లేదు. ఎడమ అంచున జానెడు మట్టి ఎక్కడుందో ఆ పిల్లకి పుట్టుకతోనే తెలుసు.